53 లక్షల్లో వేగం: గోల్ఫ్ జీటీఐ మేలా, బీవైడీ సీల్ మేలా? తేల్చేది మీ పార్కింగ్ జాగా

2024 మార్చిలో బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ మన దేశంలోకి వచ్చింది. అప్పటి ఎక్స్‌షోరూమ్ ధర 53 లక్షలు. 2025 మేలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ వచ్చింది, వచ్చినప్పుడు దానిదీ 53 లక్షలే. ఒకటి పూర్తి ఎలక్ట్రిక్, రెండోది అచ్చమైన పెట్రోల్ హాట్ హ్యాచ్, అంటే వేగం కోసం చేసిన చిన్న హ్యాచ్‌బ్యాక్. డ్రైవింగ్ మీద మనసున్న హైదరాబాదీకి ఈ రెండిటి మధ్య పడే తికమక మామూలుది కాదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సొంత పార్కింగ్ ఉండి, అక్కడిదాకా మీ మీటర్ నుంచి కేబుల్ లాగే వీలుంటే సీల్ తీసుకోండి. ఆ వీలు లేకపోయినా, ఏడాదికి రెండు మూడుసార్లు కారును రేస్ ట్రాక్‌కు తీసుకెళ్లే అలవాటున్నా జీటీఐ తీసుకోండి. కారు షోరూమ్‌లో నచ్చుతుంది, కానీ ఈవీతో సుఖంగా ఉంటామా లేదా అన్నది ఇంటి గోడ దగ్గరే తేలుతుంది. అందుకే ఈ పోలికలో సగానికి పైగా వైర్లు, బ్రేకర్ల గురించే ఉంటుంది.

రెండు కార్లూ నడిచే తీరు

సీల్‌లో రెండు మోటార్లు, 530 పీఎస్, 670 న్యూటన్ మీటర్ల టార్క్, 82.56 యూనిట్ల ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్లేడ్ బ్యాటరీ. 0-100కి 3.8 సెకన్లు. జీటీఐలో 2 లీటర్ల టర్బో, 265 పీఎస్, 370 న్యూటన్ మీటర్లు, 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, ముందు చక్రాలకు ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. 0-100కి 5.9 సెకన్లు. సిగ్నల్ దగ్గర, ఓఆర్ఆర్ మీదికి ఎక్కే ర్యాంపు మీద సీల్ ముందు జీటీఐ నిలవదు. సీల్‌లో గేర్ మారాలన్న ఎదురుచూపు లేదు, టర్బో అందుకోవాలన్న ఆలస్యం లేదు.

మలుపుల్లో కథ మారుతుంది. సీల్ బరువు 2,185 కిలోలు, జీటీఐ సుమారు 1,450. ఆ ఏడు వందల కిలోల తేడా చేతికి తెలుస్తుంది. బ్యాటరీ నేలను అంటిపెట్టుకుని ఉండటంతో సీల్ పెద్దగా ఒరగదు. కానీ వరసగా ఎడమ, కుడి, ఎడమ తిరిగే చోట బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారడానికి కాస్త సమయం తీసుకుంటుంది. స్టీరింగ్ ద్వారా ముందు టైరు ఏం చేస్తోందో జీటీఐ చెప్పినంత స్పష్టంగా సీల్ చెప్పదు. ఘాట్ రోడ్డు మీది ఆనందం కొలబద్దైతే మార్కులు జీటీఐకే.

తెలంగాణలో ఆన్‌రోడ్ ధర దగ్గర పెద్ద తేడా పడుతుంది. ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మినహాయింపును రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో ప్రకటించింది. అది 2026 డిసెంబర్ 31 దాకా ఉంటుంది. అదే ధర ఉన్న పెట్రోల్ కారుకు లైఫ్ ట్యాక్స్ కారు ధరలో దాదాపు ఐదో వంతు. అంటే షోరూమ్ ధర దాదాపు ఒకటే అయినా, నంబర్ ప్లేటు బిగించేసరికి జీటీఐ ఖర్చు పది లక్షల దాకా ఎక్కువ.

ఇంట్లో ఛార్జింగ్: 15 ఆంప్ సాకెట్, 7 కిలోవాట్లు, 11 కిలోవాట్లు

ముందు కాలం లెక్క. గోడ దగ్గర తీసుకున్న కరెంటంతా బ్యాటరీలోకి వెళ్లదు. కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి కావాల్సిన డీసీగా మార్చేటప్పుడు కొంత పోతుంది. ఛార్జింగ్ సాగినంతసేపూ కంప్యూటర్లు, పంపులు మేలుకునే ఉంటాయి కాబట్టి ఇంకొంత పోతుంది. ఈ రెండో ఖర్చు ఎంత నెమ్మదిగా ఛార్జ్ చేస్తే అంత ఎక్కువసేపు పడుతుంది. అందుకే 3.3 కిలోవాట్ల సాకెట్ నుంచి బ్యాటరీకి చేరేది సుమారు 2.9, గోడకు బిగించే 7 కిలోవాట్ల ఛార్జర్ (వాల్ బాక్స్) నుంచి చేరేది సుమారు 6.4 అనుకోండి. సీల్‌ను 20 శాతం నుంచి నిండుగా నింపాలంటే 66 యూనిట్లు కావాలి. 15 ఆంప్ సాకెట్‌తో దాదాపు 23 గంటలు, వాల్ బాక్స్‌తో పది గంటల పైచిలుకు.

ఈ 23 గంటల మాట విని చాలామంది బెదిరిపోతారు. బెదరాల్సిన పని లేదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి రోజుకు 33 కిలోమీటర్లు, అంటే 7 యూనిట్లు. 15 ఆంప్ సాకెట్ మీద రెండున్నర గంటల పని. ఆఫీసుకూ ఇంటికీ తిరగడానికి అది చాలు. ఇబ్బంది వచ్చేది శనివారం ఒక లాంగ్ డ్రైవ్, ఆదివారం ఇంకోటి పెట్టుకునేవారికి. శనివారం సాయంత్రం ఆరింటికి 30 శాతంతో ఇంటికి చేరి, ఆదివారం పొద్దున ఐదింటికి బయల్దేరాలంటే చేతిలో 11 గంటలు. సాకెట్‌తో 32 యూనిట్లు ఎక్కి కారు 70 శాతం దగ్గరే ఆగుతుంది. వాల్ బాక్స్‌తో తొమ్మిది గంటల్లోనే నిండిపోయి, ఇంకా సమయం మిగులుతుంది. డ్రైవింగ్ కోసమే కారు కొనేవారికి 7 కిలోవాట్లు కావాలని మేం అనేది ఈ ఒక్క కారణంతోనే.

15 ఆంప్ సాకెట్‌తో అసలు సమస్య వేగం కాదు, వేడి. గీజర్ కూడా అదే సాకెట్ మీద 15 నిమిషాలు నడిచి ఆగిపోతుంది. కారు అదే కరెంటును పది గంటలు ఆపకుండా లాగుతుంది. ఇంట్లో మామూలు పవర్ సాకెట్‌లోని ఇత్తడి పట్టీలు కొన్నేళ్లకు వదులవుతాయి. పట్టు వదులైన చోట నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది, వేడికి పట్టీ ఇంకా వదులవుతుంది. ప్లగ్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగితే ఆ సాకెట్ పని అయిపోయినట్టే. ఆ రోజే మార్చేయాలి. సాకెట్‌తోనే సరిపెట్టుకోవాలనుకుంటే గోడలోని పాత పాయింటు వాడకండి. డీబీ (ఇంటి బ్రేకర్లుండే డబ్బా) నుంచి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు విడిగా లాగించి, నీలం రంగు 16 ఆంప్ ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. గుండ్రటి పిన్నులు గట్టిగా పట్టుకుంటాయి, మూత ఉంటుంది, వాన జల్లు పడ్డా తట్టుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

ఇక 11 కిలోవాట్లు. "ఎటూ పెట్టిస్తున్నాం కదా, పెద్దదే పెట్టిద్దాం" అనుకునేవారు ఇక్కడే దెబ్బ తింటారు. ఏసీ ఛార్జింగ్‌లో వేగాన్ని తేల్చేది గోడకున్న పెట్టె కాదు, కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జర్. ఇక్కడ అమ్మే సీల్ ఏసీ మీద 7 కిలోవాట్లే తీసుకుంటుంది, అదీ సింగిల్ ఫేజ్ మీద. 11 కిలోవాట్ల పెట్టె మూడు ఫేజులనూ కలిపి 11 ఇస్తుంది, ఒక్కో ఫేజుకు 16 ఆంప్‌లే. సింగిల్ ఫేజ్ కారును దానికి తగిలిస్తే వచ్చేది ఒక ఫేజులోని 16 ఆంప్‌లు, అంటే 3.7 కిలోవాట్లు. ఎక్కువ డబ్బు పెట్టి సగం వేగం కొనుక్కున్నట్టు. రేపు ఇంకో కారు వస్తుందన్న ఆలోచన ఉంటే ఫేజుకు 32 ఆంప్‌లిచ్చే 22 కిలోవాట్ల పెట్టె చూడండి, దాని మీద సీల్‌కూ పూర్తి 7 వస్తుంది. బీఎండబ్ల్యూ ఐ4 లాంటి త్రీఫేజ్ ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఉన్న కార్లకు 11 కిలోవాట్లు నిజంగానే పనికొస్తాయి. సీల్‌కు మాత్రం 7 చాలు.

వైరింగ్‌లో తప్పు జరిగేది ఎక్కడ

7 కిలోవాట్లంటే 32 ఆంప్‌లు, గంటల తరబడి. మీటర్ నుంచి పార్కింగ్‌కు 30 మీటర్ల దూరం అనుకుందాం. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడితే రానూపోనూ కలిపి సుమారు 6 వోల్టులు దారిలోనే పడిపోతాయి, దాదాపు 190 వాట్లు వైరును వేడెక్కించడానికే పోతాయి. 10 స్క్వేర్ ఎంఎం అయితే మూడున్నర వోల్టులు, 110 వాట్లు. 20 మీటర్ల లోపు 6 సరిపోతుంది, దాటితే 10 వేయించండి. అరవై మీటర్ల దూరానికి 6 వేస్తే 12 వోల్టుల దాకా పోతాయి. అసలే ఎండాకాలం సాయంత్రాల్లో శివారు కాలనీల్లో వోల్టేజీ 200కు దిగుతుంది, దానికి ఇది తోడైతే ఛార్జర్ అండర్ వోల్టేజ్ చూపించి ఆగిపోతుంది. ఛార్జర్ చెడిపోయిందని కంపెనీకి ఫోన్ చేసేవారిలో చాలామందిది ఈ సమస్యే.

బ్రేకర్ల విషయంలో ఎలక్ట్రీషియన్ చెప్పిందల్లా ఒప్పుకోకండి. ఓవర్‌లోడ్ అయితే సప్లై ఆపే 40 ఆంప్‌ల సి-కర్వ్ ఎంసీబీ ఉండాలి. 32 ఆంప్‌ల ఎంసీబీ పెడితే పూర్తి లోడు మీద గంటల తరబడి నడిచి, మే నెల ఎండలో మూసిన డబ్బాలో వేడెక్కి ట్రిప్ అవుతుంది. దాని పక్కన కరెంటు లీకైతే సప్లై ఆపే 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ ఉండాలి, అది కనీసం టైప్ ఏ అయి తీరాలి. ఇళ్లలో మామూలుగా పెట్టే టైప్ ఏసీ ఇక్కడ పనికిరాదు. కారు నుంచి డీసీ లీకేజీ వస్తే టైప్ ఏసీ మొద్దుబారిపోయి, మనిషికి షాక్ కొట్టే సమయంలో కదలకుండా ఉండిపోవచ్చు. వాల్ బాక్స్‌లో 6 మిల్లీ ఆంప్‌ల డీసీ సెన్సర్ ఉందో లేదో స్పెసిఫికేషన్ షీట్‌లో చూసుకోండి. ఉంటే బయట టైప్ ఏ చాలు, లేకపోతే ఖరీదైనా టైప్ బి కొనాలి. పిడుగుల కాలానికి టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్, న్యూట్రల్ తెగినప్పుడు ఎగబాకే వోల్టేజీకి ఓవర్ వోల్టేజ్ రిలే, ఈ రెండూ పెట్టించండి. వీధిలో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. ఆన్‌బోర్డ్ ఛార్జర్ ధర ముందు ఈ రిలే ధర ఎంత!

ఎర్తింగ్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఈవీ ఛార్జర్ ప్రతిసారీ ఎర్త్ ఉందో లేదో చూసుకునే మొదలవుతుంది. ఎర్త్ బలహీనంగా ఉంటే ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తుంది. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు పోసిన ఎర్త్ పిట్ వానాకాలం బాగానే ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి నేల ఎండి నిరోధం పెరుగుతుంది. ఫిబ్రవరి దాకా సక్రమంగా నడిచిన ఛార్జర్ వేసవిలో రోజు విడిచి రోజు ఆగిపోతోందంటే ముందుగా అనుమానించాల్సింది పిట్‌నే. ఛార్జర్‌కు విడిగా ఒక కెమికల్ ఎర్త్ పిట్ వేయించి, నిరోధం 5 ఓంల లోపు వచ్చిందని ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, ఆ అంకె రాయించుకోండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే రెండు మూడు వోల్టులు మించకూడదు. అది కూడా ఖాళీగా ఉన్నప్పుడు కాదు, లోడు మీద కొలవాలి.

పని అయిపోయాక చేయాల్సిన పరీక్ష ఇంకోటి ఉంది. పూర్తి 32 ఆంప్‌ల మీద గంటసేపు ఛార్జ్ చేసి, డీబీ మూత మీద, కేబుల్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే ఎక్కడో స్క్రూ వదులుగా ఉంది, లేదా మీటర్ నుంచి వచ్చే అల్యూమినియం కేబుల్‌ను బైమెటల్ లగ్ (రెండు లోహాలను కలిపే కొస) లేకుండా నేరుగా రాగి టెర్మినల్‌లో బిగించారు. ఆ రెండు లోహాలు కలిసిన చోట తుప్పు పట్టి మాడుతుంది. సప్లై ఆపించి సరిచేయించాలి. అంతా బాగున్నా నెల తర్వాత ఒకసారి స్క్రూలన్నీ మళ్లీ బిగింపించండి. వేడెక్కి చల్లారే క్రమంలో అవి వదులవుతాయి.

కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు, మరవద్దు. 5 కిలోవాట్ల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఏసీ, గీజర్ నడుస్తుండగా 7 కిలోవాట్ల ఛార్జర్ ఆన్ చేస్తే మెయిన్ పడిపోతుంది. లోడు పెంచమని డిస్కంకు దరఖాస్తు పెట్టాలి, సింగిల్ ఫేజ్ నుంచి త్రీఫేజ్‌కు మారాల్సి రావచ్చు. ఆ పని అయ్యేదాకా ఛార్జర్ యాప్‌లో 16 ఆంప్‌లకు తగ్గించి, రాత్రి 11 తర్వాత మొదలయ్యేలా పెట్టుకుంటే సరి. త్రీఫేజ్ వచ్చాక ఛార్జర్ పడిన ఫేజు మీద రెండు ఏసీలు కూడా పడకుండా లోడు సర్దించుకోండి. ఇంటి ఇన్వర్టర్ లైనులో ఛార్జర్ ఎప్పుడూ ఉండకూడదు.

అపార్ట్‌మెంట్ అయితే

కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇప్పుడున్న కనెక్షన్ మీదైనా, విడిగా ఇంకో కనెక్షన్ తీసుకునైనా ఈవీని ఛార్జ్ చేసుకోవచ్చు. కాగితం అలా ఉన్నా అసోసియేషన్‌ను ఒప్పించాల్సింది మీరే. వాళ్ల భయాలు రెండు: మంటలు, కామన్ కరెంటు బిల్లు. మీ సొంత మీటర్ నుంచే లైను తెస్తామని, ఆర్మర్డ్ కేబుల్‌ను ట్రేలో పెట్టి తెస్తామని, జనరేటర్ లైనుతో సంబంధం ఉండదని ఒక పేజీ సింగిల్ లైన్ డయాగ్రమ్ (లైను ఎటు నుంచి ఎటు పోతుందో చూపే బొమ్మ)తో సహా ఇవ్వండి. నోటిమాట కంటే ఆ బొమ్మ బాగా పనిచేస్తుంది. పార్కింగ్ స్లాటు సేల్ డీడ్‌లో మీ పేరు మీద ఉండాలి. ఏ స్లాటు ఎవరిదో తేలని చోట, కారు వీధిలో నిలిపే చోట సీల్ కొనవద్దనే మా సలహా. వారానికి రెండుసార్లు బయటి డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్‌లో ముప్పావు గంట కూర్చుంటే ఆ కారు మీదున్న ఇష్టం ఆర్నెల్లలో తగ్గుతుంది.

కిలోమీటరుకు ఎంత

సిటీలో హుషారుగా నడిపితే జీటీఐ లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు 107 రూపాయల లెక్కన కిలోమీటరుకు దాదాపు 11 రూపాయలు. 95 ఆక్టేన్ పోయిస్తే ఇంకా ఎక్కువ. సీల్‌కు గోడ దగ్గర లెక్క వంద కిలోమీటర్లకు 22 యూనిట్లు. తెలంగాణ గృహ వినియోగ టారిఫ్‌లో నెలకు 400 యూనిట్లు దాటాక యూనిట్ 9.50. ఇంట్లో ఇప్పటికే 400 వాడుతుంటే కారుకయ్యే యూనిట్లన్నీ ఈ స్లాబులోనే పడతాయి. వెయ్యి కిలోమీటర్లకు 220 యూనిట్లు, రెండు వేల రూపాయల పైన కొంచెం. కిలోమీటరుకు రెండు రూపాయలు. ఈవీ కేటగిరీలో విడిగా మీటర్ తీసుకుంటే యూనిట్ ధర ఇంకా తక్కువ, కాకపోతే ఫిక్స్‌డ్ ఛార్జీలు కలుపుకుని చూడాలి. తక్కువ తిరిగేవారికి ఆ మీటర్ కలిసిరాదు. బయట డీసీ స్టేషన్లలో 20-25 రూపాయలు పెడితే కిలోమీటరుకు ఐదు దాకా అవుతుంది. ఇంట్లో ఛార్జర్ లేనివారికి పొదుపులో సింహభాగం ఇక్కడే కరిగిపోతుంది.

టైర్ల ఖర్చు సీల్‌కే ఎక్కువ. అంత బరువును 670 న్యూటన్ మీటర్లతో తోస్తే 19 అంగుళాల టైర్లు తొందరగా అరుగుతాయి.

ఆదివారం పొద్దున్న

హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరి కొండలకు పోయి రావడం సుమారు 160 కిలోమీటర్లు. ఎంత ఉత్సాహంగా నడిపినా 38-40 యూనిట్లు. సీల్ బ్యాటరీ సగం కూడా కాదు. శ్రీశైలం వేరు. ఒక్క వైపే దాదాపు 215 కిలోమీటర్లు, వందకు 20 యూనిట్ల చొప్పున రానూపోనూ 86. బ్యాటరీలో ఉన్నదే 82.56. నిదానంగా పోతే సరిపోవచ్చు, కానీ నిదానంగా పోవడానికి ఎవరూ ఈ కారు కొనరు. కాబట్టి దారిలోనో, కొండ మీదో ఛార్జింగ్ ఎక్కడో ముందే చూసి పెట్టుకోవాలి. నల్లమల అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది, ఛార్జింగ్ ఆలస్యమైతే చెక్‌పోస్ట్ దగ్గర చిక్కుకుంటారు. జీటీఐకి ఈ లెక్కలేవీ అక్కర్లేదు, 50 లీటర్ల ట్యాంకు చాలు.

విశాఖ నుంచి అరకు వెళ్లే సీల్ యజమానులు ఒకటి గమనించాలి. అరకులో రాత్రంతా ఛార్జ్ చేసి వంద శాతంతో ఘాట్ దిగకండి. నిండిన బ్యాటరీకి రీజెన్ కరెంటు (వేగం తగ్గేటప్పుడు మోటారు తిరిగి పుట్టించేది) పట్టదు, బ్రేకింగ్ పనంతా డిస్కుల మీదే పడుతుంది. ఇద్దరు కూర్చున్న సీల్ 900 మీటర్లు దిగితే లెక్కకు 5.7 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. టైర్లు, గాలి తినేది పోగా మిగిలేది బ్యాటరీలోకి పోవాలి, లేదా బ్రేకుల్లో వేడిగా మారాలి. 90 శాతం దగ్గర ఆపితే ఆ జాగా దొరుకుతుంది. ఎల్ఎఫ్‌పీ బ్యాటరీని వారానికోసారి నిండుగా ఛార్జ్ చేయడం మంచిదే, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. ఆ పని ఇంటి దగ్గర, మైదానంలో చేయండి.

ట్రాక్ మీద

ఇక్కడ జీటీఐదే పైచేయి, సందేహం లేదు. 160 నుంచి 80కి తగ్గించడానికి డ్రైవర్‌తో సహా సీల్ వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 1.7 మెగాజౌళ్లు, జీటీఐకి 1.1. ప్రతి ల్యాపులో, ప్రతి పెద్ద మలుపు ముందు ఇదే తేడా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసులో కార్లు టన్ను బరువు కూడా లేవు, మామూలు బ్రేకింగ్‌లో వెనక చక్రాల పనంతా మోటారే చూసుకుంది. అమ్మకానికి వచ్చే రెండు టన్నుల సెడాన్‌కు ఆ వెసులుబాటు లేదు. సగటున 120 కిలోవాట్లు లాగినా 20 నిమిషాల సెషన్‌లో 40 యూనిట్లు ఖర్చవుతాయి. అంతలోపే బ్యాటరీ, మోటార్లు వేడెక్కితే కారు తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లకు ట్రాక్ చేతకాదని దీనర్థం కాదు. పోర్షే టైకాన్ టర్బో జీటీ జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 7 నిమిషాల 7.55 సెకన్లలో చుట్టేసింది. దాని 800 వోల్టుల వ్యవస్థ, కూలింగ్, బ్రేకులు ఆ పని కోసమే చేసినవి, ధర కూడా అలాగే ఉంటుంది. 53 లక్షల సీల్ ఆ పనికి చేసింది కాదు.

సీల్‌తో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్లి తీరాలనుకుంటే హైదరాబాద్ నుంచి ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దారిలో రెండు డీసీ స్టాపులు పెట్టుకోండి. సెషన్‌కు నాలుగు ల్యాపులు మించకండి, చివరి ల్యాపు బ్రేకులు వాడకుండా చల్లబరచుకుంటూ రండి. కారు ఆగాక హ్యాండ్ బ్రేక్ వేయకండి. ఎర్రగా కాగిన డిస్కును ప్యాడ్ పట్టుకుంటే ఆ ఒక్క చోట ప్యాడ్ పదార్థం అతుక్కుని, తర్వాత బ్రేకు తొక్కిన ప్రతిసారీ స్టీరింగ్ వణుకుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ వెళ్లే ముందే డాట్ 5.1కి మార్పించండి, డాట్ 5 కాదు, అది సిలికాన్‌ది, ఈ వ్యవస్థలో కలవదు. పాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) 15 ఆంప్ సాకెట్ దొరికినా రెండు సెషన్ల మధ్య గంటలో మూడు యూనిట్లే ఎక్కుతాయి, కాబట్టి దగ్గర్లోని డీసీ స్టేషన్ పనిచేస్తోందో లేదో ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి.